కోచ్‌కి డబ్బు కట్టే ముందు

రెండు సంచికల కింద, ఉద్యోగం పోయిన ఒక పాఠకుడికి జవాబిస్తూ "వీలైతే ఒక మంచి లైఫ్ కోచ్‌తో నాలుగుసార్లు కూర్చుని మాట్లాడండి" అని ఒక్క వాక్యం రాశాను. మిగతా జవాబు సంగతి వదిలేసి అందరూ ఆ వాక్యం మీదే ఉత్తరాలు రాశారు. లైఫ్ కోచ్ అంటే ఎవరు, డాక్టరా, ఎంత తీసుకుంటారు, మా అబ్బాయిని పంపించవచ్చా, నేనే కోచ్‌ని అవ్వచ్చా అని. మనకి కోచింగ్ అంటే అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు, అశోక్‌నగర్‌లో గ్రూప్స్, ఇంటర్ పిల్లలకి ఎంసెట్. ఒకాయన బోర్డు దగ్గర నిలబడి చెబుతుంటే మనం రాసుకోవడం. ఈ కోచింగ్ దానికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ మాట్లాడేది మనం, వినేదీ ప్రశ్నలు అడిగేదీ కోచ్. ఈ ఒక్క తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్ల ఉత్తరాలు చదువుతుంటే నాకు చాలా బాధేసింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే. ఊళ్ల పేర్లు ఉంచి, మనుషుల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. ప్రైవేటు బ్యాంకులో పని చేస్తాను, ఇద్దరు పిల్లలు. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎప్పుడూ ఏదో వెనకబడిపోయినట్టే ఉంటుంది. ఫోన్‌లో ప్రకటన చూసి 99 రూపాయలు కట్టి ఒక వెబినార్‌లో చేరాను. రెండు గంటలు చాలా బాగా మాట్లాడారు, నాకు ఏడుపు కూడా వచ్చింది. చివర్లో మూడు నెలల ప్రోగ్రామ్ లక్షా ఇరవై వేలు, ఈ రాత్రి 12 లోపు చేరితే 48 వేలే, నో కాస్ట్ ఈఎంఐ ఉంది అన్నారు. కట్టలేదు. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి "మీకోసం ఆఫర్ పొడిగించాం" అంటున్నారు. మంచి అవకాశం పోగొట్టుకుంటున్నానేమోనని దిగులుగా ఉంది. చేరమంటారా? (విజయవాడ)

జవాబు: ఆ రాత్రి కట్టకపోవడం మంచి పని అమ్మా. దిగులు పెట్టుకోకండి. నిజంగా మనకి పనికొచ్చే కోచ్ వచ్చే నెలా ఉంటారు, ఆర్నెల్ల తర్వాతా ఉంటారు. రాత్రి 12 గంటల గడువు, తగ్గుతూ కనబడే గడియారం, "ఇంకా మూడు సీట్లే" లాంటివన్నీ మనల్ని ఆలోచించుకోనివ్వకుండా చేసే ఎత్తులు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 రకాల ఎత్తుల్ని డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టి నిషేధించింది. లేని తొందరను పుట్టించడం వాటిలో ఒకటి. మీకు ఫోన్ చేసి గడువు పొడిగించారంటేనే ఆ గడువు నిజం కాదని తెలిసిపోయింది కదా.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి బ్యాంకులో ఉన్న మీకు నేను చెప్పాలా అనిపిస్తుంది గానీ, మిగతా పాఠకుల కోసం చెబుతాను. అది కోచ్‌కి మనం వాయిదాల్లో కట్టడం కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ మన పేరు మీద అప్పు ఇచ్చి, ఆ మొత్తం కోచ్‌కి ముందే ఇచ్చేస్తుంది. రెండు సెషన్ల తర్వాత నచ్చక మానేసినా, కోచ్ ఫోన్ ఎత్తడం మానేసినా, కిస్తీలు మాత్రం నెలనెలా మన ఖాతాలోంచి పోతూనే ఉంటాయి. ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. తొందరలో తీసేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ అప్పు తాలూకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు షరతులన్నీ రాసి ఇచ్చే కాగితం, తీసి చూడండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు నుంచి జరిమానా లేకుండా బయటపడటానికి కొంత గడువు ఇవ్వాలి. ఆ లోపల అసలు, అన్నాళ్లకి పడిన వడ్డీ కట్టేస్తే చాలు. ఆ గడువు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి వెంటనే చూసుకోవాలి.

ఇక అసలు విషయం. మీకు ఆ వెబినార్‌లో ఏడుపు వచ్చిందన్నారు. అది నిజమైన ఏడుపే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అది వేల మందికి ఒకేసారి చెప్పిన ప్రసంగం. కోచింగ్ అనేది ఇద్దరు కూర్చుని చేసే పని. నేనూ కోచ్‌నే కాబట్టి, అదెలా ఉంటుందో చెప్పడం కంటే నా దగ్గర జరిగిన ఒక సెషన్ చూపిస్తాను. వచ్చినావిడ అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

ఒక విత్తనాల కంపెనీలో అకౌంట్స్ చూసే ఆవిడ నా దగ్గరకి వచ్చి "నాకు టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పించండి" అన్నారు. పుస్తకం, పెన్ను తీసి రాసుకోవడానికి సిద్ధంగా కూర్చున్నారు. నేను "నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి బయటికొచ్చిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం జరిగిందో చెప్పండి" అన్నాను. ఆరున్నరకి మెట్లు దిగాను, స్కూటీ మీద కూర్చున్నాను, ఇంటికి వెళ్లేసరికి ఏడున్నర అయింది అన్నారు. ఇల్లు ఎంత దూరం అని అడిగితే ఇరవై ఐదు నిమిషాలట. మరి మిగతా సమయం? కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "స్కూటీ స్టార్ట్ చేయలేదండీ, దాని మీదే కూర్చున్నాను, ఇంటికి వెళ్లాలనిపించలేదు" అన్నారు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, ఆవిడ పనులన్నీ ఈమె ఒక్కదాని మీదే. అదే ఊళ్లో మరిది, తోడికోడలు ఉన్నారు. వాళ్లని సాయం అడగాలని రెండేళ్లలో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. "అడిగితే ఏమవుతుందనుకుంటున్నారు?" అన్నది ఆ గంటలో నేను అడిగిన ప్రశ్నల్లో ఆఖరుది. ఆదివారం మాట్లాడతానని తనే అనుకుని వెళ్లారు. రెండు వారాల తర్వాత వచ్చి, మాట్లాడలేకపోయానన్నారు. ఎందుకు మాట్లాడలేకపోయారో దాని మీదే ఆ గంటంతా గడిచింది. మూడోసారి వచ్చేసరికి గురువారం, ఆదివారం తోడికోడలు చూసుకోవడానికి ఒప్పుకుంది. నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆవిడ పుస్తకంలో టైమ్ మేనేజ్‌మెంట్ గురించి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

ఈ పద్ధతి ఆటల్లోంచి వచ్చింది. 1970లలో అమెరికాలో తిమోతీ గాల్వే అనే టెన్నిస్ కోచ్, ఆడేవాళ్లకి చెయ్యి ఇలా తిప్పు, అలా తిప్పు అని చెప్పడం తగ్గించి, వస్తున్న బంతి మీది కుట్టునే చూడమన్నాడు. చెప్పినప్పటికంటే అప్పుడే వాళ్ల ఆట బాగుపడింది. కారు రేసుల నుంచి వచ్చిన జాన్ విట్‌మోర్, ఆయన తోటివాళ్లు 1980లలో బ్రిటన్‌లో దాన్ని ఉద్యోగాలకి, కంపెనీలకి తెచ్చారు. ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నాం, ఏమేం దారులున్నాయి, ఏది చేస్తాం అనే నాలుగు మెట్ల గ్రో పద్ధతి అక్కడిదే, ఇప్పటికీ చాలామంది కోచ్‌లు వాడేది అదే.

కాబట్టి అమ్మా, మీరు ఫోన్ చేసేవాళ్లకి వద్దని చెప్పేసి, ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. "ఈ మూడు నెలల్లో నా జీవితంలో ఇది మారాలి" అని. సంతృప్తి, విజయం లాంటి పెద్ద మాటలు వద్దు. "ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి", "బ్రాంచి మారాలా వద్దా తేల్చుకోవాలి" లాంటిది ఏదైనా. దాని పక్కనే, అందులో నా చేతిలో ఉన్నదేంటి అని రాయండి. రాసే ఆ వాక్యం కోసం వారం పట్టినా పర్వాలేదు. అది దొరికాక ఇద్దరు ముగ్గురు కోచ్‌లతో మాట్లాడండి. మొదట ఇరవై నిమిషాలో అరగంటో ఉచితంగా మాట్లాడటం ఈ వృత్తిలో మామూలే. ఆ అరగంటలో ఎక్కువసేపు ఎవరు మాట్లాడారో గమనించండి. ఆయన గొప్పలే మీరు వింటూ కూర్చుంటే అక్కడితో వదిలేయండి. నచ్చితే ఒక్కో సెషన్‌కి విడిగా కడతానని అడగండి, లేదా నాలుగింటికి మించి ముందు కట్టకండి. ఎన్ని సెషన్లు, ఒక్కోటి ఎంతసేపు, రాలేకపోతే ఏమిటి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, నేను చెప్పినవి ఎవరికైనా చెబుతారా, ఇవన్నీ రాతపూర్వకంగా ఇమ్మనండి. రాసివ్వడానికి తటపటాయించే కోచ్‌తో మీకు పనిలేదు.

ప్రశ్న: అమ్మా, మా బాబుకి 27 ఏళ్లు. ఐదేళ్లుగా గ్రూప్స్‌కి చదువుతున్నాడు. రెండుసార్లు కొద్ది మార్కుల్లో పోయింది. మూడు నెలలుగా పుస్తకం ముట్టడం లేదు. రాత్రంతా మేలుకుంటాడు, పగలు గది తలుపు వేసుకుని ఉంటాడు. సరిగా తినడు, స్నేహితుల ఫోన్లు కూడా ఎత్తడు. మొన్న "నా వల్ల మీకు దండగ" అన్నాడు. ఎవరో లైఫ్ కోచ్ దగ్గర వేస్తే మళ్లీ దారిలో పడతాడన్నారు. ఫీజు ఎంతైనా సరే కడతాం. (కరీంనగర్)

జవాబు: అమ్మా, ముందు డబ్బు పక్కన పెట్టండి, కోచ్‌నీ పక్కన పెట్టండి. మూడు నెలలు నిద్ర లేదు, తిండి లేదు, మనుషులు వద్దు, పైగా "నా వల్ల దండగ" అన్న మాట. ఇది బద్ధకం కాదు, పొగరు కాదు, ఎవరో ఉత్సాహపరిస్తే లేచి కూర్చునే స్థితీ కాదు. డాక్టరు చూడాల్సిన విషయం. ఈ ఉత్తరం చదివిన రోజే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ఈ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రోజంతా పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీరే చేసి ఇవన్నీ చెప్పవచ్చు, బాబే చేయాలని లేదు. అలాగే మీ ఊళ్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఏయే రోజుల్లో చూస్తారో కనుక్కుని తీసుకెళ్లండి. "నిద్ర పట్టడం లేదు కదా నాన్నా, దానికి డాక్టరుని కలుద్దాం" అని చెబితే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. అతన్ని ఒంటరిగా ఎక్కువసేపు వదలకండి. "చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా నాన్నా" అని నెమ్మదిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడకండి, అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ తేడా అందరికీ తెలియాలి కాబట్టి రాస్తున్నాను. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చేసి, ఆపైన మనోవైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. లైఫ్ కోచ్‌కి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు, ఆ వృత్తికంటూ విడిగా ఏ చట్టమూ లేదు. రేపు పొద్దున ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. నేను కోచ్‌నే కాబట్టి ఈ మాట చెప్పే బాధ్యత నాకు ఇంకా ఎక్కువ. డిప్రెషన్‌ని, భయాల జబ్బుని, తాగుడుని నయం చేస్తానని చెప్పే కోచ్ ఎవరైనా సరే తన హద్దు దాటుతున్నట్టే. మంచి కోచ్ మొదటి పది నిమిషాల్లోనే "ఇది నా పని కాదు, డాక్టరు దగ్గరకి వెళ్లండి" అంటారు.

ఇంకో మాట. బాబు కోలుకున్నాక కూడా, మీరు ఫీజు కట్టి అతన్ని కోచ్ దగ్గర "వేయడం" కుదరదు. ట్యూషన్‌లో వేసినట్టు కాదిది. గ్రూప్స్ మళ్లీ రాయాలా, వేరే ఉద్యోగం చూసుకోవాలా అన్నది అతనే తేల్చుకోవాలి, అతనే అడిగి వెళ్లాలి. అప్పటిదాకా మీరు చేయాల్సింది పరీక్ష ఊసు ఎత్తకుండా ఉండటం. మీకూ చాలా కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. 14416లో మీకోసం కూడా మాట్లాడండి.

ప్రశ్న: నా కోచ్ రోజూ పొద్దున్నే "నా దగ్గర కోటి రూపాయలు ఉన్నాయి" అని 108 సార్లు రాయమంటున్నారు. రాకపోతే నా నమ్మకంలో లోపమట. నాలుగు నెలలైంది. (గుంటూరు)

జవాబు: మానేయండి. ఫలితం వస్తే ఆయన గొప్ప, రాకపోతే మీ తప్పు అనే ఏర్పాటులో మీరు ఎప్పటికీ గెలవరు. కోచ్ అన్నవారు మీ ఆదాయం, ఖర్చు, మీకొచ్చిన పని, ఈ వారం మీరు చేయబోయే ఒక పని, వీటి గురించి మాట్లాడాలి. రాసే ఓపిక ఉంది కాబట్టి అదే పుస్తకంలో నెల రోజులు ఖర్చులు రాయండి.

ప్రశ్న: మేడమ్, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఈ ఏడాది మేనేజర్‌ని అయ్యాను, కింద 14 మంది. టీంలో ఇద్దరు మానేశారు. ఇప్పుడు హెచ్ఆర్ వాళ్లు నాకు ఎగ్జిక్యూటివ్ కోచ్‌ని పెడతామంటున్నారు, ఆరు నెలలు, డబ్బు కంపెనీదే. పంపించేయడానికి ముందు ఇలా చేస్తారని ఒక ఫ్రెండ్ అన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. కోచ్‌కి చెప్పినవి మా వైస్ ప్రెసిడెంట్‌కి చేరతాయా? (హైదరాబాద్)

జవాబు: పంపించేయాలనుకున్న మనిషి మీద ఆరు నెలల కోచింగ్ ఖర్చు కంపెనీలు మామూలుగా పెట్టవు తమ్ముడూ. కొత్తగా మేనేజర్ అయినవాళ్లకి, ఇంకా పైకి తీసుకెళ్లాలనుకున్నవాళ్లకి పెట్టడమే ఎక్కువ. ఊహించుకుంటూ కూర్చోకుండా మీ పై మేనేజర్‌ని సూటిగా అడగండి: "ఈ కోచింగ్ అయ్యేసరికి నాలో ఏం మారిందని మీకు కనబడాలి?" ఆయన చెప్పిన జవాబుని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. సరైన జవాబు రాలేదంటే అప్పుడు ఆలోచించాలి. పనితీరు మెరుగుపరచుకోవాలంటూ గడువు పెట్టి లెటర్ ఇవ్వడం వేరు, అది చేతికొస్తే దాన్ని కోచింగ్‌తో కలపకండి.

ఇక చేరతాయా అన్న భయం. ఇక్కడ డబ్బు ఇచ్చేది ఒకరు, మాట్లాడేది ఇంకొకరు. అందుకే మొదట్లోనే కోచ్, మీరు, మీ పై మేనేజర్ లేదా హెచ్ఆర్ ముగ్గురూ కలిసి కూర్చుంటారు. కంపెనీకి ఏం చెబుతారు, ఏం చెప్పరు అన్నది అక్కడే తేలాలి. సాధారణంగా ఎన్ని సెషన్లు అయ్యాయి, పెట్టుకున్న లక్ష్యాలేంటి అన్నంత వరకే కంపెనీకి వెళుతుంది. మీరు లోపల చెప్పిన మాటలు వెళ్లకూడదు. ఈ మాట రాతలో ఉండేలా చూసుకోండి. కోచ్‌ల అంతర్జాతీయ సంస్థ అయిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ నైతిక నియమావళి ప్రకారం కూడా ఎవరికి ఏ సమాచారం వెళుతుందో ముందే తేల్చి చెప్పాలి. అలాగని కోచ్ లాయరు కాదు, మీరు చెప్పిన ప్రతిదానికీ చట్టం రక్షణ ఉందనుకోవద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు మీటింగ్ లింకులో రికార్డింగ్ ఆన్ అయి ఉందేమో చూసుకోండి. వేరే కంపెనీలో ఇంటర్వ్యూలకి వెళుతున్న సంగతి మొదటి రెండు సెషన్లలో చెప్పాల్సిన అవసరం లేదు, మనిషి మీద నమ్మకం కుదిరాక మీ ఇష్టం.

మానేసిన ఆ ఇద్దరి గురించి మాత్రం మొదటి సెషన్‌లోనే మాట్లాడండి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, నాకు అక్కడే మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు అనిపించింది. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చుని టీ తాగినవాళ్లకి ఇవాళ రేటింగ్ ఇవ్వడం తేలిక కాదు. పైగా కోడ్ రాసేటప్పుడు పని అయిందో లేదో సాయంత్రానికి తెలిసేది, మనుషులతో పని అలా తెలియదు. ఇది సరిగ్గా కోచింగ్‌తో తేలే విషయం, పైగా కంపెనీ డబ్బుతో వస్తోంది. వదులుకోవద్దు.

ప్రశ్న: అక్కా, నా కోచ్ మంచివారే. కానీ ఇంగ్లీషులోనే మాట్లాడతారు. నాకు ఇంగ్లీషు వచ్చు, ఆఫీసులో అదే. అయినా అక్కడ కూర్చుంటే అన్నీ పైపైన చెప్పి వచ్చేస్తున్నాను. (తెనాలి, ఇప్పుడు బెంగళూరు)

జవాబు: చెల్లెమ్మా, నువ్వు గమనించింది చాలా ముఖ్యమైన విషయం. "ఐ ఫెల్ట్ బ్యాడ్" అంటే సరిపోతుంది, సెషన్ ముందుకు జరిగిపోతుంది. అదే తెలుగులో అయితే చిన్నబుచ్చుకున్నావా, ఉక్రోషం వచ్చిందా, మొహం చెల్లలేదా, మనసు విరిగిందా, ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఆ తేల్చుకోవడంలోనే సగం పని అయిపోతుంది. ఇంట్లోవాళ్ల గురించి చెప్పేటప్పుడు తెలుగులోనే చెబుతానని ఆయనకి చెప్పు. తెలుగు రానివారైతే, ముందు తెలుగులో రెండు నిమిషాలు పైకి మాట్లాడి, తర్వాత ఇంగ్లీషులో చెబుతాననైనా అడుగు. అది కూడా పనిచేస్తుంది. అప్పటికీ పైపైనే ఉంటే తెలుగు కోచ్‌ని చూసుకో, అందులో మొహమాటం అక్కర్లేదు. కోచ్‌ని మార్చడం నేరం కాదు.

ప్రశ్న: 60 వేలు ఒకేసారి కట్టాను, 12 సెషన్లన్నారు. మూడు అయ్యాక వాయిదా మీద వాయిదా వేశారు, ఇప్పుడు నా నంబరు బ్లాక్ చేశారు. ఆయన ఉండేది వేరే రాష్ట్రంలో. డబ్బు మీద ఆశ వదులుకోవడమేనా? (విశాఖపట్నం)

జవాబు: వదులుకోవద్దు. ముందు వాట్సాప్ చాట్, డబ్బు పంపిన రసీదు, 12 సెషన్లని చెప్పిన ప్రకటన లేదా మెయిల్, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఒకచోట దాచుకోండి. మిగిలిన తొమ్మిది సెషన్ల డబ్బు, అంటే 45 వేలు, 15 రోజుల్లో తిరిగివ్వమని మెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరుండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, ఆయన ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపల వేయాలి. సెషన్లలో చెప్పుకున్న సొంత విషయాలు బయటపడతాయేమోనని చాలామంది కేసు దాకా వెళ్లరు. అక్కడ చూసేది ఎంత కట్టారు, ఎన్ని సెషన్లు ఇచ్చారు అన్నదే. మీరు లోపల ఏం మాట్లాడుకున్నారో రాయాల్సిన పనిలేదు.

ప్రశ్న: అక్కా, మేము టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్-4 మీద, అంటే మా ఆయన ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసాతో ఉన్నాను, ఇండియాలో తొమ్మిదేళ్లు హెచ్ఆర్‌లో చేశాను. ఇక్కడ మన ఆడవాళ్లంతా కష్టమొస్తే నా దగ్గరకే వస్తారు, సలహాలు బాగా ఇస్తానంటారు. లైఫ్ కోచ్ కోర్సు చేద్దామనుకుంటున్నాను. సర్టిఫికెట్ రెండు రోజుల్లో ఇచ్చేవాళ్లూ ఉన్నారు, ఏడాది కోర్సులూ ఉన్నాయి. ఏది మంచిది? (ఫ్రిస్కో)

జవాబు: నలుగురు నీ దగ్గరకి వచ్చి మనసు విప్పుతున్నారంటే నీకు వినే గుణం ఉంది, అది కోర్సులో నేర్పితే వచ్చేది కాదు. కానీ ముందుగా మానుకోవాల్సింది మాత్రం ఆ సలహాలు ఇవ్వడమే. నాకు అది మానడానికి ఏడాది పట్టింది. ఎదుటివాళ్లు రెండో వాక్యంలో ఉండగానే పరిష్కారం నా నాలుక చివర ఉండేది, పెదవి బిగబట్టి కూర్చునేదాన్ని.

సర్టిఫికెట్ల గురించి. ఎక్కువమంది గుర్తించేది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ (ఐసీఎఫ్) ఇచ్చే గుర్తింపు. ఆర్థిక సలహాదారుగా పనిచేసిన థామస్ లెనార్డ్ 1995లో అమెరికాలో ఆ సంస్థని మొదలుపెట్టాడు. అందులో మూడు మెట్లున్నాయి. మొదటిది ఏసీసీ, దానికి 60 గంటల శిక్షణ, కనీసం ఎనిమిది మందితో కలిపి 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. రెండోది పీసీసీ, 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. మూడోది ఎంసీసీ, 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. వీటితోపాటు పరీక్ష, అనుభవమున్న కోచ్ పర్యవేక్షణ ఉంటాయి, మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. కాబట్టి రెండు రోజుల సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికే. "ఐసీఎఫ్ కోర్సు చేశాను" అన్నా "ఐసీఎఫ్ గుర్తింపు ఉంది" అన్నా ఒకటి కాదు. కోర్సు పూర్తి చేసి గంటలు పూర్తి చేయనివాళ్లు చాలామంది. కోచ్‌ని వెతుక్కునే మిగతా పాఠకులు కూడా ఫెడరేషన్ వెబ్‌సైట్‌లో ఆ కోచ్ పేరు కొట్టి చూసుకోవచ్చు.

ఇక నీకు ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. ఏసీసీకి కావలసిన ఆ 100 గంటల్లో కనీసం 75 గంటలు డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి. హెచ్-4 మీద చదువుకోవచ్చు, పని చేయకూడదు. మీ ఆయనకి ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, ఆమోదం అయి ఉంటే నువ్వు ఈఏడీకి, అంటే పని చేయడానికి అనుమతినిచ్చే కార్డుకి అప్లై చేసుకోవచ్చు, 2015 నుంచి ఆ వీలుంది. కార్డు చేతికొస్తే సొంతంగా కోచింగ్ పెట్టుకోవచ్చు కూడా. రాకముందు డబ్బు తీసుకుంటే మాత్రం మీ గ్రీన్ కార్డు దాకా ఇబ్బంది. "ఇండియాలో క్లయింట్లు, ఇండియా ఖాతాలో డబ్బు, ఇక్కడెవరికి తెలుస్తుంది" అని చెప్పేవాళ్లు మీ చుట్టూ ఉంటారు. పని చేసేది నువ్వు కూర్చున్న చోట, అంటే అమెరికాలో. ఆ మాట నమ్మి మొదలుపెట్టకు, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలిసి అడుగు. ఉచితంగా చేస్తే పర్వాలేదా అన్నది కూడా అదే లాయర్ని అడుగు.

అందుకని నీ సంగతిలో వరస ఇలా ఉంటే బాగుంటుందనిపిస్తోంది. ఈ ఏడాది 60 గంటల కోర్సు చేయి, సాయంత్రం బ్యాచ్‌లు ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి. అందులో తోటి విద్యార్థులతో ఒకరికొకరు ప్రాక్టీసు చేసుకుంటారు కదా, అది కావలసినంత చేయి. నువ్వు కూడా ఒక కోచ్ దగ్గర క్లయింటుగా ఐదారుసార్లు కూర్చో, అవతలి కుర్చీలో ఎలా ఉంటుందో తెలియకుండా ఇవతల కూర్చోకూడదు. ఇక వచ్చేసారి ఎవరైనా ఆవిడ మీ వంటింట్లో స్టూలు లాక్కుని కూర్చుని చెప్పడం మొదలుపెడితే, సలహా నోటి దాకా వచ్చినా ఆపుకుని, "మరి నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి చూడు. అప్పుడేం జరిగిందో నాకు రాయి.